భూ వ్యవస్థ కోర్సు: కష్టమంతా అంశాలు కలిసే చోటే

విశ్వవిద్యాలయాల్లో భూ వ్యవస్థ శాస్త్రం మీద కొత్త కోర్సు పెట్టాలనుకున్నప్పుడు మొదట జరిగేది చాలాచోట్ల ఒకటే. ఓ కమిటీ వేస్తారు. వాతావరణ శాస్త్రానికి మూడు వారాలు, సముద్ర శాస్త్రానికి మూడు, భూగర్భ శాస్త్రానికి మూడు, జీవావరణ శాస్త్రానికి మూడు. సెమిస్టర్ చివర్లో ‘మనిషి ప్రభావం’ పేరుతో ఒక వారం. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు వచ్చి, తమ మామూలు సిలబస్‌లోంచి తేలికైన భాగం చెప్పి వెళ్లిపోతారు. టైమ్‌టేబుల్ చూడ్డానికి బాగానే ఉంటుంది. విద్యార్థికి మాత్రం దక్కేవి నాలుగు పొట్టి కోర్సులు. వాటిని ఒకదానితో ఒకటి ముడిపెట్టే పనికి ఏ ప్రొఫెసరూ పూనుకోరు. డిగ్రీ రెండో ఏడు చదివే కుర్రాళ్లు దాన్ని సొంతంగా చేసుకోవాలి.

ఈ పద్ధతిలో లోపం చెప్పేవాళ్ల సామర్థ్యంలో లేదు. గాలి, నీరు, మంచు, రాయి, మట్టి, జీవం ఒకదాన్నొకటి నిరంతరం మారుస్తుంటాయన్నదే భూ వ్యవస్థ శాస్త్రానికి పునాది. ఆ మార్పిడి జరిగే సరిహద్దులే దాని అసలు విషయం. అంశాల వారీగా వారాలు పంచేసుకుంటే సరిగ్గా ఆ సరిహద్దులే ఎవరి వంతుకీ రాకుండా జారిపోతాయి. సముద్రం గాలిలోని కార్బన్‌ను ఎలా పీల్చుకుంటుందని అడిగితే వాతావరణ శాస్త్రవేత్త ‘అది సముద్రం వాళ్లు చెబుతారు’ అంటారు. సముద్ర శాస్త్రవేత్త ‘గాలిలో ఎంత ఉందో మీరు ముందే చూసి ఉంటారు’ అనుకుని ముందుకు వెళ్తారు.

ఈ ఇబ్బంది ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదు. 1983లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా సలహా మండలి ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు ఫ్రాన్సిస్ బ్రెథర్టన్, ద్రవాల కదలికల గణితంలో పనిచేసిన శాస్త్రవేత్త. ఉపగ్రహాలు భూమి మొత్తాన్ని ఒకేసారి చూడగలుగుతున్నాయి, కానీ ఆ కొలతలన్నింటినీ కలిపి అర్థం చేసుకునే చట్రం లేదన్నది అప్పటి సమస్య. కమిటీ 1986లో ఓ అవలోకనం, 1988లో పూర్తి నివేదిక ఇచ్చింది. అందులోని ఒక బొమ్మ తర్వాత బ్రెథర్టన్ చిత్రంగా పేరు తెచ్చుకుంది. ఒకవైపు భౌతిక వాతావరణ వ్యవస్థ, మరోవైపు జీవ రసాయన చక్రాలు, మధ్యలో వేడి, తేమ, కార్బన్ డయాక్సైడ్ లాంటివాటిని అటూ ఇటూ మోసే బాణాలు. బయటి నుంచి సూర్యుడు, అగ్నిపర్వతాలు. ఓ పక్కన, ఒకే గడిలో, మానవ కార్యకలాపాలు.

కోర్సు రూపొందించేవాళ్లు ఈ చిత్రాన్ని చూపించడం మామూలే. కానీ చాలామంది గడులను పాఠాలుగా మార్చేస్తారు. కమిటీ ఉద్దేశం బాణాల్లో ఉంది. ఒక బాణం మీద ఏ పదార్థం, ఏ ప్రమాణంలో, ఏడాదికి ఎంత వెళ్తుందో చెప్పగలిగితే ఆ రెండు గడుల గురించీ కావలసినంత తెలిసినట్టే. సిలబస్‌లో వారాలకు గడుల పేర్లకు బదులు బాణాల పేర్లు పెట్టి చూస్తే కోర్సు స్వరూపమే మారుతుంది. ‘ఎనిమిదో వారం: సముద్రం’ అన్న చోట ‘ఎనిమిదో వారం: గాలికీ సముద్రానికీ మధ్య కార్బన్ రాకపోకలు’ అని వస్తుంది. దాన్ని చెప్పడానికి ఒక్క విభాగం మనిషి చాలరు.

నివేదిక వచ్చాక బోధన వైపు అడుగు త్వరగానే పడింది. 1991లో నాసా మద్దతుతో, విశ్వవిద్యాలయాల అంతరిక్ష పరిశోధన సంఘం భూ వ్యవస్థ విద్య కోసం ఓ సహకార కార్యక్రమం మొదలుపెట్టింది. 22 విశ్వవిద్యాలయాలతో ఆరంభమై తర్వాత 44కు చేరింది. వేర్వేరు విభాగాల అధ్యాపకులు కలిసి కోర్సులు తయారు చేయడం, వాటిని మిగతా విశ్వవిద్యాలయాలతో పంచుకోవడం దాని పద్ధతి. 1992లో స్టాన్‌ఫర్డ్ ‘ఎర్త్ సిస్టమ్స్’ పేరుతో డిగ్రీ కార్యక్రమమే మొదలుపెట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ ప్రాంగణంలో రాల్ఫ్ సిసిరోన్ నాయకత్వంలో భూశాస్త్రాల పేరుతో మొదలైన విభాగం కొంతకాలానికి పేరునే భూ వ్యవస్థ శాస్త్రంగా మార్చుకుంది. కొత్త విభాగం కట్టుకోగలిగిన చోట పని సులువు. ఉన్న విభాగాల మధ్య ఒక్క కోర్సు నడపాల్సిన చోటే అసలు తంటా. ప్రపంచంలో ఎక్కువ విశ్వవిద్యాలయాలది ఈ రెండో పరిస్థితే కాబట్టి ఇక్కడి చర్చ కూడా దాని గురించే.

మొదటి పాఠం నిల్వ, ప్రవాహం

మొదటి రెండు వారాల్లో ఏం చెప్పాలన్న దాని మీద కమిటీల్లో వాదనలు బాగా నడుస్తాయి. భూమి పుట్టుక నుంచి మొదలుపెట్టాలని కొందరు, సూర్యకాంతి నుంచి అని కొందరు. నిజానికి అన్నిటికంటే ముందు రావలసింది ఏ విభాగానికీ చెందని ఒక సాధారణ లెక్క: ఒక చోట ఎంత ఉంది, ఎంత వచ్చి చేరుతోంది, ఎంత పోతోంది.

ఇది మరీ చిన్న విషయంలా కనిపిస్తుంది. కాదని చూపిన పరిశోధన ఉంది. జాన్ స్టర్మన్, లిండా బూత్ స్వీనీ అమెరికాలోని ఎంఐటీలో చదివే పీజీ విద్యార్థుల ముందు ఓ ప్రశ్న పెట్టారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, ఒక స్థాయి దగ్గర నిలకడగా ఆగిపోవాలంటే ఉద్గారాలు ఏ దారిన పోవాలో గీయమన్నారు. వీళ్లలో చాలామంది సైన్సు, ఇంజినీరింగ్, గణితం, అర్థశాస్త్రం చదివినవాళ్లే. అయినా ఎక్కువ మంది గీసిన గీతలు పదార్థ నిత్యత్వ నియమానికే విరుద్ధంగా వచ్చాయి. గాఢత గీత ఆగితే ఉద్గారాల గీత కూడా అలాగే ఆగిపోతే చాలనుకున్నారు. పంపు నుంచి నీళ్లు పడే వేగం తూము నుంచి పోయే వేగం కంటే ఎక్కువగా ఉన్నంతకాలం తొట్టి నిండుతూనే ఉంటుంది, పంపును ఒకే వేగంలో ఉంచినా సరే. 2007లో అచ్చయిన ఈ ఫలితం చూశాక ‘మా పిల్లలకు ఇంతమాత్రం తెలుసులే’ అని ఏ అధ్యాపకుడూ ధీమాగా ఉండలేరు.

ఈ లెక్కను పుస్తకంలోని ఉదాహరణతో కాకుండా నిజమైన అంకెలతో చేయిస్తే ఒక్క క్లాసులోనే మిగతా కోర్సుకు దారి పడుతుంది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 280 పీపీఎం, అంటే గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో 280. 1958లో హవాయిలోని మౌనా లోవా మీద చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టినప్పుడు దాదాపు 315. ఇప్పుడు 420 దాటింది. ఇంధనాలు, అడవుల నరికివేత కలిపి మనుషులు ఏడాదికి వదిలేది ఉరమరగా 4,000 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్. గాలిలో ఒక పీపీఎం పెరగడానికి సుమారు 780 కోట్ల టన్నులు కావాలి. భాగిస్తే ఏటా ఐదు పీపీఎం పెరగాలి. ఆ కొలతలతో గీసిన కీలింగ్ వక్రరేఖను స్కేలు పెట్టి కొలిస్తే ఇటీవలి పెరుగుదల దాదాపు రెండున్నరే. మిగతాది ఏమైంది?

ఈ ప్రశ్న విద్యార్థి నోటి నుంచి రావాలి. అధ్యాపకుడు తొందరపడి జవాబు చెప్పేస్తే క్లాసు పాడవుతుంది. మిగతా సగం సముద్రంలోకీ, నేల మీది మొక్కల్లోకీ, మట్టిలోకీ వెళ్లిందని తెలుసుకోవడానికి సముద్ర రసాయన శాస్త్రం కావాలి. ఎంత కాలం అలా వెళ్తూ ఉంటుందని అడిగితే మట్టిలోని సూక్ష్మజీవుల దాకా పోవాలి. అదే వక్రరేఖలో ఏటా కనిపించే పంటి అంచుల్లాంటి ఎగుడుదిగుళ్లు ఎందుకంటే ఉత్తరార్ధగోళంలోని వృక్షజాలం ఎండాకాలంలో కార్బన్ పీల్చుకుని చలికాలంలో వదలడం వల్ల. ఒక్క గ్రాఫులో గాలి, సముద్రం, అడవి, మనిషి నలుగురూ ఉన్నారు. కోర్సుకు ఇంతకంటే మంచి ముఖద్వారం దొరకడం కష్టం.

ఇక్కడే ఒక చిక్కు కూడా వస్తుంది. దాన్ని దాటేయకుండా క్లాసులోనే విప్పాలి. గాలిలోని కార్బన్ నిల్వను ఏటా గాలికీ, సముద్రానికీ, నేలకూ మధ్య అటూ ఇటూ తిరిగే మొత్తంతో భాగిస్తే నాలుగైదేళ్లు వస్తుంది. అంటే ఒక కార్బన్ అణువు సగటున గాలిలో ఉండేది అంతే. మరి వదిలిన కార్బన్ డయాక్సైడ్ ప్రభావం వందల, వేల ఏళ్లు ఉంటుందని ఎందుకంటారు? రెండు అంకెలూ నిజమే. అణువు సముద్రంలోకి వెళ్తే దాని బదులు ఇంకో అణువు పైకి వస్తుంది. అదనంగా చేర్చిన మొత్తం తగ్గాలంటే లోతు సముద్రంతో కలయిక జరగాలి, దానికి శతాబ్దాలు పడుతుంది. చివరి భాగం సిలికేట్ రాళ్లు శిథిలమవుతూ కార్బన్‌ను కట్టేయడం మీద ఆధారపడుతుంది, దానికి లక్షల ఏళ్లు. ఈ జవాబు చెప్పడానికి రసాయన శాస్త్రం మనిషి, భూగర్భ శాస్త్రం మనిషి ఒకే గదిలో ఉండాలి. లేకపోతే విద్యార్థికి ఒక వారం ఒక అంకె, మరో వారం ఇంకో అంకె అంది, రెండిట్లో ఏదో తప్పని అనుకుంటాడు.

ప్రమాణాల గొడవ దీనికి తమ్ముడు. కార్బన్ చక్రం మీద పనిచేసేవాళ్లు కార్బన్ టన్నుల్లో రాస్తారు, విధానాల గురించి రాసేవాళ్లు కార్బన్ డయాక్సైడ్ టన్నుల్లో. మధ్యలో 44ను 12తో భాగించిన గుణకం, అంటే సుమారు 3.67. మొదటి వారమే కోర్సు మొత్తానికి ఒకే ప్రమాణాల పట్టిక ఇచ్చి, పాఠం చెప్పే ప్రతి ఒక్కరూ దానికే కట్టుబడితే సగం అయోమయం తీరుతుంది. కమిటీలు పాఠ్యాంశాల మీద నెలల తరబడి వాదించుకుని ఈ ఒక్క పేజీ మాత్రం రాసుకోవు.

పెరూ చేపల నుంచి బ్రెజిల్ నేలల దాకా

నాలుగు విభాగాలను నిజంగా కలపాలంటే ఏదో ఒక సంఘటనను పట్టుకుని చివరిదాకా వెళ్లడం మేలు. ఉదాహరణలు చాలా ఉన్నాయి. సహారా అంచున చాద్ దేశంలోని బొడేలే పల్లం నుంచి లేచిన దుమ్ము అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవికి ఏటా వేల టన్నుల ఫాస్ఫరస్ మోసుకెళ్తుంది. అది అందమైన కథ, కానీ ఒక క్లాసుకు మించి సాగదు. పసిఫిక్ నీరు మామూలు కంటే వెచ్చబడే ఎల్ నినో అలా కాదు. మూడు నాలుగు వారాలు నిలబెట్టగల విషయం.

దాన్ని చరిత్రతో మొదలుపెడితే విభాగాల గోడల ఖరీదు కూడా కనిపిస్తుంది. గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జ్‌లో గణితం చదివినవాడు. 1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ శాఖకు అధిపతి. రుతుపవనాలు ఎప్పుడు దెబ్బతింటాయో ముందే చెప్పగలమా అని ప్రపంచం నలుమూలల లెక్కలు తెప్పించి సంబంధాలు వెతికాడు. పసిఫిక్ ఒక వైపు వాయుపీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గడం, మళ్లీ తిరగబడడం గమనించి దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. ఎందుకలా జరుగుతోందో మాత్రం చెప్పలేకపోయాడు. అతని దగ్గరున్నవి ప్రధానంగా గాలి లెక్కలు. కారణంలో సగం సముద్రంలో ఉంది. పెరూ తీరంలో జాలరులు క్రిస్మస్ రోజుల్లో వచ్చే వెచ్చని నీటికి ఎల్ నినో అని ఎప్పటి నుంచో పేరు పెట్టుకుని ఉన్నారు. ఈ రెండూ ఒకే విషయానికి రెండు చివర్లని వాతావరణ శాస్త్రవేత్త జేకబ్ బ్యెర్క్‌నెస్ 1960ల్లో తేల్చాడు, 1969లో స్పష్టంగా రాశాడు. అతనికి తోడ్పడింది 1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరపు కొలతలు. ఆ సమయంలోనే పెద్ద ఎల్ నినో వచ్చింది. మౌనా లోవా కొలతలు మొదలైంది కూడా ఆ కార్యక్రమంలో భాగంగానే అన్నది విద్యార్థులకు చెప్పదగ్గ పక్క ముచ్చట.

తర్వాతి వారం నీటి అడుగుకు వెళ్లాలి. పెరూ తీరం వెంట వీచే గాలులు, భూభ్రమణం కలిసి పైనీటిని తీరం నుంచి దూరంగా తోస్తాయి. ఆ ఖాళీలోకి అడుగున ఉన్న చల్లని, పోషకాలు నిండిన నీరు ఉబికి వస్తుంది. దాని మీద ప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులు, వాటి మీద ఆంకోవీ చేపలు బతుకుతాయి. ఎల్ నినో వచ్చినప్పుడు గాలులు పూర్తిగా ఆగిపోతాయని సగం పుస్తకాల్లో ఉంటుంది. అసలు సంగతి అంతకంటే సూక్ష్మం. వెచ్చని నీటి పొర మందం పెరుగుతుంది కాబట్టి, తీరం దగ్గర నీరు పైకి ఉబికినా వచ్చేది ఆ వెచ్చని, పోషకాలు లేని నీరే. ఇలాంటి సవరణ సముద్ర శాస్త్రవేత్త, జీవశాస్త్రవేత్త కలిసి చెప్పినప్పుడే విద్యార్థికి పట్టుబడుతుంది.

1970లో పెరూ ఆంకోవీ పట్టుబడి కోటీ ఇరవై లక్షల టన్నుల స్థాయిలో ఉండేది. 1972–73 ఎల్ నినోతో కుప్పకూలి 1973 నాటికి 20 లక్షల టన్నుల దగ్గరికి పడిపోయింది. ఈ చేపల్లో ఎక్కువ భాగం పొడిగా మారి కోళ్లకు, పందులకు మేతగా వెళ్లేది. చేపల పొడి కరువయ్యేసరికి గిరాకీ సోయా మీదికి మళ్లింది. ధర ఎగిసింది. 1973 జూన్‌లో అమెరికా సోయా ఎగుమతుల మీద ఆంక్ష పెట్టింది. అమెరికా సోయా మీద ఆధారపడిన జపాన్ ఉలిక్కిపడింది. వేరే సరఫరా కోసం వెతుకుతూ 1970ల చివరి నుంచి బ్రెజిల్‌లోని సెరాడో గడ్డిభూముల్లో వ్యవసాయాభివృద్ధికి సహకరించింది. సెరాడో నేలలు ఆమ్ల గుణంతో, అల్యూమినియం విషంతో, ఫాస్ఫరస్ కొరతతో ఉండేవి. సున్నం, ఎరువులు, ఉష్ణమండలానికి తగ్గ సోయా రకాలు కలిసి వాటిని పంటభూములుగా మార్చాయి. గడ్డిభూమి పోతే మట్టిలోని కార్బన్, నేల నుంచి గాలికి వెళ్లే తేమ రెండూ మారతాయి. గాలి పీడనంతో మొదలైన పాఠం మట్టి రసాయనం మీదుగా మళ్లీ గాలికే వచ్చి చేరింది.

కథ ఇంత బాగా కుదిరినప్పుడే అధ్యాపకులు కాస్త వెనక్కి తగ్గాలి. చేపలు పోవడానికి ఎల్ నినో ఒక్కటే కారణమా? అప్పటికే మితిమీరి పట్టేశారు. సోయా ధర పెరగడానికి చేపల పొడి ఒక్కటే కారణమా? 1972లో సోవియట్ యూనియన్ భారీగా ధాన్యం కొనడం, ఇతర చోట్ల పంటలు దెబ్బతినడం కూడా ఉన్నాయి. సెరాడో మార్పుకు జపాన్ ఒక్కటే కారణం అసలే కాదు, బ్రెజిల్ ప్రభుత్వ సొంత ప్రణాళికలు అంతకు ముందు నుంచీ ఉన్నాయి. ఒక్కో కొక్కేన్ని విడిగా తీసి ‘ఇది లేకపోయినా తర్వాతది జరిగేదా’ అని అడిగించాలి. ఈ వడపోత చేయించకపోతే విద్యార్థులు అన్నీ అన్నిటితో ముడిపడి ఉన్నాయన్న మాట నేర్చుకుని పోతారు. ఆ మాటతో ఏ లెక్కా చేయలేం. ఎంత బలంగా ముడిపడి ఉన్నాయో, ఏ ముడి తెగితే ఏమవుతుందో చెప్పడమే శాస్త్రం.

గణితం దగ్గర ఆగిపోయే క్లాసు

ఇలాంటి కోర్సులో కూర్చునేవాళ్లు ఒకే రకం కారు. ఫిజిక్స్ నుంచి వచ్చినవాళ్లకు అవకలన సమీకరణాలు వచ్చు, నైట్రోజన్ చక్రం రాదు. జీవశాస్త్రం నుంచి వచ్చినవాళ్లు దానికి సరిగ్గా తిరగేసి. సమీకరణం బోర్డు మీద పడగానే సగం క్లాసుకు టెన్షన్. దీనికి విశ్వవిద్యాలయాలు మామూలుగా ఎంచుకునే పరిష్కారం గణితాన్ని తీసేయడం. అది కోర్సును చప్పగా మార్చేస్తుంది, ఫిజిక్స్ విద్యార్థులు రెండో ఏడాది నుంచి రావడం మానేస్తారు.

మేలైన దారి స్ప్రెడ్‌షీట్‌తో మొదలవుతుంది. భూమికి సూర్యుడి నుంచి అందేది చదరపు మీటరుకు 1361 వాట్లు, గోళం కాబట్టి నాలుగో వంతు. అందులో దాదాపు 30 శాతం తిరిగి అంతరిక్షంలోకి పోతుంది. మిగిలినదాన్ని భూమి వేడిగా వెదజల్లాలంటే ఉష్ణోగ్రత ఎంతుండాలో లెక్కిస్తే 255 కెల్విన్లు, అంటే సున్నాకు 18 డిగ్రీలు దిగువన. నిజమైన సగటు దాదాపు 288 కెల్విన్లు. ఆ 33 డిగ్రీల తేడా వాతావరణం పని. ఒకటే వరుస, ఒకటే సూత్రం. తర్వాత ‘చల్లబడితే మంచు పెరుగుతుంది, మంచు పెరిగితే ఆ 30 శాతం కూడా పెరుగుతుంది’ అన్న ఒక్క నిబంధన చేర్చి సూర్యకాంతి అంకెను తగ్గించుకుంటూ పోతే, ఒక చోట భూమి మొత్తం గడ్డకట్టి, సూర్యుడిని మళ్లీ పాత స్థాయికి తెచ్చినా కరగదు. ఫీడ్‌బ్యాక్ అంటే ఏమిటో నిర్వచనం రాయించాల్సిన పని ఉండదు. జీవశాస్త్రం విద్యార్థి తన చేత్తోనే భూమిని గడ్డకట్టించి ఉంటాడు.

ఈ దారిలో తర్వాతి మెట్టు ఆండ్రూ వాట్సన్, జేమ్స్ లవ్‌లాక్ 1983లో ప్రతిపాదించిన డైసీ లోకం. ఊహా గ్రహం మీద వెలుగును వెనక్కి పంపే తెల్ల పూలు, పీల్చుకునే నల్ల పూలు. సూర్యుడు క్రమంగా ప్రకాశవంతం అవుతున్నా పూల నిష్పత్తి మారుతూ ఉష్ణోగ్రత చాలాకాలం దాదాపు స్థిరంగా ఉంటుంది. బోధనకు అద్భుతమైన బొమ్మ. అందులో ఓ ప్రమాదం కూడా ఉంది. భూమి తనను తాను ఎప్పుడూ కాపాడుకుంటుందని విద్యార్థులు తేల్చేసుకుంటారు. అదే నమూనాను ఇంకొంచెం ముందుకు నడిపితే సూర్యుడి వేడి ఒక హద్దు దాటగానే పూలన్నీ ఒక్కసారిగా పోయి ఉష్ణోగ్రత ఎగిసిపడుతుంది. ఆ చివరి భాగం చూపించకుండా క్లాసు ముగించడం మంచిది కాదు. అచ్చంగా నమూనాలతో సెమిస్టర్ అంతా నడిపే కోర్సులూ ఉన్నాయి కానీ, అవి కొలతల వాసన తగలని కోర్సులుగా మిగిలిపోతాయి. వారం నమూనా, వారం డేటా అన్న పొత్తు మేలు.

ఇద్దరూ గదిలోనే ఉండాలి

కలిసి బోధించడం అన్న మాటకు కాగితం మీద ఒక అర్థం, క్లాసులో ఇంకో అర్థం. వంతులవారీగా వచ్చిపోవడం కలిసి బోధించడం కిందికి రాదు. ఇద్దరు అధ్యాపకులూ ప్రతి క్లాసులో ఉండి, ఒకరు చెబుతుంటే ఇంకొకరు విద్యార్థుల మధ్య కూర్చుని ‘అది మా దగ్గర అలా అనరు, ఎందుకంటే...’ అని అడ్డు తగిలినప్పుడే కోర్సు పని చేస్తుంది. శాస్త్రవేత్తలు ఏ ఆధారాల మీద విభేదిస్తారో విద్యార్థి కళ్లారా చూస్తాడు. యాభై ఏళ్ల ప్రొఫెసర్ పక్క విభాగం పాఠంలో నోట్సు రాసుకోవడం చూస్తే తనకు రానివి అడగడానికి విద్యార్థులకూ జంకు పోతుంది.

ఇది ఖరీదైన పద్ధతి. ఖర్చు డబ్బు రూపంలో కంటే లెక్కల రూపంలో ఎక్కువ. ఇద్దరు కలిసి ఒక కోర్సు చెబితే చాలా విశ్వవిద్యాలయాలు ఒక్కొక్కరికి సగం కోర్సు పనిభారమే రాసుకుంటాయి. పని మాత్రం ఇద్దరికీ మామూలు కోర్సు కంటే ఎక్కువే. విద్యార్థుల సంఖ్యను బట్టి విభాగాలకు నిధులు వచ్చే చోట ఈ విద్యార్థులు ఎవరి ఖాతాలో పడాలన్న పేచీ ఉంటుంది. పదోన్నతుల సమయంలో యువ అధ్యాపకులకు ‘మీ విభాగం కోర్సులు ఎన్ని చెప్పారు’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. అందుకే ఇలాంటి కోర్సుల్లో ఎక్కువగా కనిపించేది ఉద్యోగం స్థిరపడిన సీనియర్లే. ఇక పోగొట్టుకోవడానికి ఏమీ లేదనుకున్నాకే ధైర్యం చేస్తారు. కోర్సు ఆలోచన ఎంత గొప్పదైనా, పనిభారాన్ని ఇద్దరికీ పూర్తిగా లెక్కగట్టమని అకడమిక్ కౌన్సిల్‌తో ముందే రాయించుకోకపోతే మూడో ఏడాదికి అది వంతుల కోర్సుగా దిగజారిపోతుంది.

బ్రెథర్టన్ చిత్రంలో ఒకే గడిలో ఇరుక్కున్న మనిషి సంగతి కూడా ఇక్కడే చూడాలి. 1980ల్లో ఆ సరళీకరణకు కారణం ఉంది. భౌతిక, జీవ ప్రక్రియలను ఒక్క చట్రంలోకి తేవడమే అప్పట్లో పెద్ద పని. ఇప్పుడు అదే కొలత కోర్సుకు పెట్టుకుని సామాజిక శాస్త్రాలకు ఆఖరి వారం ఇవ్వడం సరికాదు. ఆఖరి వారానికి పిలిచిన ఆర్థికవేత్త ఇంతకు ముందు క్లాసుల్లో ఏం జరిగిందో తెలియకుండా వచ్చి కార్బన్ పన్ను గురించి చెప్పి వెళ్తాడు. సోయా కథలో అర్థశాస్త్రం మధ్యలోనే వచ్చింది, ధర లేకపోతే ఆ కథ ముందుకు కదలదు. అక్కడే అతను ఉండాలి.

పరీక్షలో ఏం అడుగుతారన్నదే సిలబస్

విద్యార్థులు సిలబస్ కంటే పాత ప్రశ్నపత్రాలను నమ్ముతారు, అందులో తప్పేమీ లేదు. ప్రశ్నపత్రంలో నాలుగు సెక్షన్లు, ఒక్కో విభాగం నుంచి ఒకటి ఉంటే, పన్నెండు వారాల కలయిక అంతా ఆ ఒక్క కాగితంతో విడిపోతుంది. ఏ ఒక్క విభాగం చదివినా పూర్తి జవాబు రాయలేని ప్రశ్న కావాలి.

అలాంటిది ఒకటి: 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం పేలి, కోటిన్నర టన్నులకు పైగా సల్ఫర్ డయాక్సైడ్‌ను స్ట్రాటోస్ఫియర్ అనే వాతావరణపు పై పొరలోకి చిమ్మింది. మరుసటి ఏడాది భూమి సగటున దాదాపు అర డిగ్రీ చల్లబడింది. పేలుడు తర్వాతి రెండేళ్లలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగే వేగం కూడా తగ్గింది. మనుషుల ఉద్గారాలు ఆగలేదు, అగ్నిపర్వతం తన వంతుగా కొంత కార్బన్ డయాక్సైడ్ వదిలింది కూడా. మరి వేగం ఎందుకు తగ్గింది?

చల్లబడడాన్ని వాతావరణ భౌతిక శాస్త్రం వివరిస్తుంది. కార్బన్ దగ్గరికి వచ్చేసరికి అది చాలదు. చల్లని మట్టిలో సూక్ష్మజీవుల శ్వాస మందగించిందన్నది ఒక జవాబు. ఆ సల్ఫర్ డయాక్సైడ్ నుంచి ఏర్పడిన సల్ఫేట్ కణాల వల్ల సూర్యకాంతి చెదిరి, నేరుగా పడే వెలుగు తగ్గినా చెదిరిన వెలుగు ఆకుల అడుగు పొరల దాకా చేరి కిరణజన్య సంయోగక్రియ పెరిగిందన్నది మరొకటి. అమెరికాలోని హార్వర్డ్ అడవిలో చేసిన కొలతలు దీనికి ఆధారం ఇచ్చాయి. ఏది ఎంత అన్నది విద్యార్థి అంకెలతో వాదించాలి. దిద్దేటప్పుడు ఇద్దరు అధ్యాపకులూ ఒకే జవాబుపత్రాన్ని విడివిడిగా చూసి మార్కులు పోల్చుకోవాలి. మొదటి ఏడాది ఆ మార్కుల మధ్య కనిపించే తేడాలే కోర్సు ఎక్కడ ఇంకా కలవలేదో చెబుతాయి.

చివరి చిక్కు కొనసాగింపు. చాలా మంచి కోర్సులు మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు రిటైరైతే, లేదా ఊరు మారితే ఆగిపోతాయి. స్లైడ్లు మిగులుతాయి, ఏ ప్రశ్న దగ్గర క్లాసు తడబడుతుందో, ఎక్కడ ఆగి వేచి ఉండాలో మిగలదు. అమెరికాలో జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులతో 2012లో మొదలై, కార్ల్‌టన్ కాలేజీ కేంద్రంగా నడిచిన ఇంటిగ్రేట్ ప్రాజెక్టు దీనికి ఓ పద్ధతి పెట్టుకుంది. పాఠం ఒక్కరు రాయకూడదు, వేర్వేరు విద్యాసంస్థల అధ్యాపకులు జట్టుగా రాయాలి. రాసింది తమ తమ క్లాసుల్లో నడిపి చూడాలి. నిజమైన డేటా వాడాలి, వ్యవస్థగా ఆలోచించే పని విద్యార్థితో చేయించాలి. పాఠంతో పాటు దాన్ని చెప్పినవాళ్ల అనుభవాన్నీ, తమ క్లాసుకు తగ్గట్టు ఎలా మార్చుకున్నారో కూడా రాసి పెట్టాలి. వేరే ఊళ్లో, వేరే రకం విద్యార్థుల ముందు నిలబడని పాఠం అక్కడే బయటపడి మళ్లీ రాతకు వెళ్లేది. ఒకే క్యాంపస్‌లో తయారయ్యే కోర్సులకు ఇంత తతంగం వీలు కాకపోవచ్చు. కనీసం రెండో ఏడాది మూడో విభాగం నుంచి ఒకరిని తెచ్చి, మొదటి ఇద్దరిలో ఒకరు తప్పుకుని ఆ పాఠాన్ని కొత్త మనిషితో చెప్పించి చూడటానికి మాత్రం ఏ నిధులూ అక్కర్లేదు.